సముద్రానికి వీపు

కళ్ళు మూసుకోవడం కూడా ఒక విద్యేనా, పసిపిల్లలకు సైతం వచ్చింది తనకెందుకు చేతకాకుండా పోయింది అని రైలు డ్రైవరు వాలు కుర్చీలో పడుకుని ఆలోచిస్తున్నాడు.

ఆ రోజు మాత్రం మూసుకున్నాడు.

పట్టాల మీద ఎవరో అటు తిరిగి నడిచిపోతున్నారు. హారన్ కొట్టాడు, కొడుతూనే ఉన్నాడు. ఆ వీపు ఉలకలేదు, పలకలేదు. బ్రేకు లాగి, గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. బండి ఆగాక దిగి చూసే ధైర్యం లేకపోయింది.

అప్పటి నుంచి రెప్ప వాలితే చాలు, ఆ వీపే. ఎడమ భుజం కిందికి జారి, మెడ కాస్త ముందుకు సాగి.

"బతికే ఉన్నారండీ, పక్కకు పడ్డారంతే," అని భార్య చెప్పింది. తోటి డ్రైవర్లూ అదే చెప్పారు.

చెప్పరా మరి? ఒకప్పుడు ఇంకో డ్రైవరును ఓదార్చడానికి తనూ అదే మాట చెప్పాడు. అది పచ్చి అబద్ధం.

రైలు కూత వినబడని చోటని భార్య ఈ దీవికి తీసుకొచ్చింది. తెల్లటి ఇసుక, కొబ్బరి నీడ, చప్పుడు చేయని అలలు. అన్నీ బాగానే ఉన్నాయి, ఈ పక్క గది ముసలాయన తప్ప.

రోజూ వీళ్ళకంటే ముందే వచ్చి, కుర్చీ ఇటు తిప్పుకుని, సముద్రానికి వీపు పెట్టి, సరిగ్గా డ్రైవరు ముఖంలోకి చూస్తూ కూర్చుంటాడు.

"సముద్రం అటుందండీ," అన్నాడు డ్రైవరు.

"ఉండనివ్వండి బాబూ. ఎక్కడికి పోతుంది?"

"జిడ్డు," అని డ్రైవరు పెదవుల్లోనే గొణుక్కున్నాడు.

"జిడ్డేలెండి," అన్నాడు ముసలాయన నవ్వుతూ. "నాకు బొత్తిగా చెవుడు. కొత్తగా మిషన్ కొనిపెట్టారు గానీ, ఇసుక పడుతుందని జేబులో వేసుకున్నా. పెదాలు చూసే మాట్లాడతాను."

డ్రైవరు భార్య నవ్వు దాచుకోవడానికి తువ్వాలు మడతపెట్టింది.

"నిద్ర పట్టడం లేదా మీకు?"

"మీకెందుకండీ? మనశ్శాంతి కోసం వచ్చాను, మీ ముఖం చూస్తూ కూర్చోడానికి కాదు. ఇంకెక్కడైనా వేసుకోండి కుర్చీ."

"ఏమిటండీ ఆ మాటలు," అంది భార్య.

ముసలాయన నొచ్చుకోలేదు. ఏదో చెప్పబోయి మానేశాడు.

"ఇప్పటి పడవకు వెళ్ళిపోతున్నాలెండి. మీరు ఒక్క కునుకు తీస్తే చూసి పోదామనుకున్నా."

సంచి భుజాన వేసుకుని లేచాడు. పీడా పోయిందని డ్రైవరు అటు తిరిగి పడుకున్నాడు.

కాసేపటికి రేవులో పడవ హారన్ మోగింది. చెక్క వంతెన మీద నడుస్తున్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు. ఒకావిడ రెండు చెవులూ మూసుకుంది.

ఒక్క మనిషి మాత్రం ఉలకలేదు, పలకలేదు.

డ్రైవరు లేచి నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఎదురుగా ఉన్నది ముఖం. వీపు చూడడం ఇదే.

ఎడమ భుజం కిందికి జారి ఉంది. మెడ కాస్త ముందుకు సాగి ఉంది.

"ఏమే, ఈయన..." అంటూ వంతెన వైపు చూపించాడు.

"నేను చెబితే నమ్మారా? అందుకే ఆయన్నే వెతికి ఇక్కడికి రప్పించా," అంది భార్య కళ్ళు తుడుచుకుంటూ. "'నేను చెప్పినా నమ్మడమ్మా, ఎవరినో తెచ్చి నాటకమాడిస్తున్నావంటాడు. ఎదురుగా కూర్చుంటా, తనే గుర్తుపట్టాలి' అన్నారాయన."

"ముఖం నేనెక్కడ చూశానే?"

"ఆ సంగతి నాకే చెప్పలేదు మీరు, పాపం ఆయనకేం తెలుసు?"

నాలుగడుగులు పరుగెత్తి ఆగిపోయాడు. పిలిచినా వినబడదు. పడవ కదిలింది.

పట్టాల మీద తను చంపేశాననుకున్న మనిషి చల్లగా పడవెక్కి ఇంటికి పోతున్నాడు. డ్రైవరు వెనక్కి వచ్చి, సముద్రానికి వీపు పెట్టి ఉన్న ఆ ఖాళీ కుర్చీలో వాలి, మెల్లగా కళ్ళు మూసుకున్నాడు.