మర్నాడు లేని ఆట

"పదికి మూడు. అంతకుమించి ఒక్క మార్కు వెయ్యను," అన్నాడు అశోక్, కీబోర్డు ముందుకు లాక్కుంటూ.

భీమవరంలో దుర్గాసాయి నడిపే నెట్ సెంటర్లో ఆ నెలంతా ఒకటే ఆట. ఒక దేశాన్ని ఎంచుకుని దాని అధ్యక్షుడి కుర్చీలో కూర్చోవాలి. పన్నులు వెయ్యాలి, పొరుగుదేశాలతో ఒప్పందాలు కుదుర్చుకోవాలి, తప్పకపోతే యుద్ధం చెయ్యాలి. ఎన్నికల్లో నెగ్గితే ఆట సాగుతుంది, ఓడితే అంతే. ఆడినవాళ్ళు తమ అభిప్రాయాలు ఒక వెబ్‌సైటులో రాస్తుంటారు. అశోక్ ఇప్పుడు రాస్తున్నది అదే.

"యుద్ధం ప్రకటిస్తే మన సైన్యం సరిహద్దు చేరేసరికి మనకి జుట్టు నెరుస్తుంది. ఆకలితో ఉన్న దేశానికి ఊరికే బియ్యం పంపినా మనమీదే అలుగుతుంది. దీనికి మూడే ఎక్కువ."

"అలా తీసిపారెయ్యకండి. నేనైతే తొమ్మిది వేస్తాను," అన్నాడు దుర్గాసాయి కౌంటరు దగ్గర్నుంచి. "ఈ ఆట పెట్టాక నా సెంటర్లో కుర్చీ ఖాళీ ఉండట్లేదండి!"

"నువ్వెంత వేస్తావు అశ్వినీ?" అన్నాడు అశోక్.

అశ్విని పక్క సిస్టమ్ ముందు కూర్చుంది. తెరమీద ఆమె ఏలుతున్న దేశంలో ఓట్ల లెక్కింపు పూర్తయింది. ఆమె ఓడిపోయింది.

"మళ్ళీనా? ఏటిని పాడుచేసే ఫ్యాక్టరీలు మూయొద్దని చెప్పానా లేదా? ఎన్నికలయ్యాక మూసుకోవచ్చు కదా!"

"అప్పటిదాకా జనం ఆ మురికినీళ్ళే తాగాలా?"

అశోక్ నవ్వబోయి ఆగిపోయాడు. క్లాస్‌మేట్ ఎందుకంత పట్టుదలగా ఆడుతోందో అతనికి తెలుసు.

అశ్విని తండ్రి లోవరాజు ఉప్పుటేరు పక్కనున్న ఒక ఊరికి సర్పంచ్. రొయ్యల చెరువుల నుంచి వదిలే ఉప్పునీరు ఊరి మంచినీళ్ళ చెరువులోకి చేరుతోందని, ఆ నీరు వదిలే తూము మూయించేశాడు. చెరువుల యజమానులు పగబట్టారు. అక్కడ పనిచేసేవాళ్ళు ముఖం చాటేశారు. సొంత బావమరిది కూడా అవతలి పక్షాన చేరాడు. నిన్న పంచాయతీ ఎన్నికలు. ఇవాళ పొద్దున ల్యాబ్ పరీక్ష ఉండి అశ్విని ఓటుకి వెళ్ళలేకపోయింది. రాత్రి ఫోన్ చేస్తే తల్లి, "నాన్నగారు రేపు భీమవరం వస్తున్నారు. ఆయన నోటితోనే వినమ్మా," అని పెట్టేసింది. పరీక్ష అయితే రాసింది గానీ, ఏం రాసిందో ఆమెకే తెలీదు.

"ఇక్కడున్నావా అమ్మలూ! హాస్టల్ దగ్గర అడిగితే ఇక్కడ చూడమన్నారు."

అశ్విని గిరుక్కున తిరిగింది. గుమ్మంలో లోవరాజు. జుట్టులో, చెవి వెనకాల గులాబీరంగు ఇంకా వదల్లేదు. ఒక చేతిలో కాజాల పొట్లం, ఇంకో చేతిలో నీళ్ళ సీసా.

"నాన్నా!" అంటూ పరుగెత్తుకెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది.

"కంగ్రాట్స్ అంకుల్!" అన్నాడు అశోక్. దుర్గాసాయి హడావిడిగా కుర్చీ తెచ్చి వేశాడు.

లోవరాజు నవ్వి పొట్లం విప్పాడు. "ముందు తీపి తినండి బాబూ."

అశ్విని కళ్ళు తుడుచుకుంది. "ఈ దిక్కుమాలిన ఆట నన్నెంత భయపెట్టిందో తెలుసా నాన్నా? అచ్చం మీరు చేసినట్టే చేశాను. ఎన్నిసార్లు ఆడినా జనం నన్ను దింపేశారు."

"ఇంకేముంది, రాసిపారేస్తున్నా," అన్నాడు అశోక్. "ఈ ఆట తయారుచేసినవాళ్ళకి జనం సంగతే తెలీదు."

"ఆగు బాబూ," అన్నాడు లోవరాజు. "ఇందులో ఓడిపోయాక ఏమవుతుంది?"

"ఏమీ అవ్వదండి. ఆట ఆగిపోతుంది."

"మరి ఆ నీళ్ళు? మళ్ళీ పాడైపోతాయా, బాగానే ఉంటాయా?"

"అది చూపించదండి."

"అదేంటి! అసలు చూడాల్సింది అదే కదా!"

ఆయన సీసా మూత తీసి కూతురికి ఇచ్చాడు. అశ్విని ఒక గుక్క తాగింది. ఆగి, మరో గుక్క తాగింది. ఆమె ఎరిగినప్పటినుంచీ ఆ ఉప్పునీళ్ళకి వాళ్ళింట్లో కందిపప్పు సరిగ్గా ఉడికింది లేదు. ఊళ్ళో ఏ నీళ్ళు తాగినా నాలుక చివర ఉప్పు తగిలేది. ఇప్పుడు తగల్లేదు.

"ఇవి మన నీళ్ళేనా నాన్నా?"

"మన పంపు నీళ్ళే. పొద్దున్నే పట్టి తెచ్చాను." ఆయన గొంతులో గర్వం దాగలేదు. "నిన్న ఓటు వేసొస్తూ మన వీధి సంపూర్ణమ్మ నా చెయ్యి పట్టుకుని, 'ఇన్నేళ్ళకి మా ఇంట్లో పప్పు ఉడికింది రాజూ' అంది. ఇక ఎవడొచ్చినా ఆ తూము తెరవలేడు. తెరిస్తే బిందెలతో వచ్చి అడ్డం కూర్చుంటామని ఆడవాళ్ళంతా తేల్చి చెప్పారు. పోటీలో ఉన్న ప్రతివాడి చేతా మైకులో మాట ఇప్పించారు."

దుర్గాసాయి కాజా తినడం మర్చిపోయి వింటున్నాడు. అశ్విని తండ్రి పక్కన నిటారుగా నిలబడింది. ఈయన మా నాన్న అని ఊరంతా వినేలా చెప్పాలనిపించింది ఆమెకి.

"అంకుల్, మీ అభిప్రాయమే రాసేస్తాను. పదికి ఎన్ని వెయ్యమంటారు?"

లోవరాజు తెరకేసి చూశాడు.

"ఎనిమిది వెయ్యి. మర్నాడు చూపించనందుకు రెండు తగ్గించు. జనం సంగతి మాత్రం దానికి బాగానే తెలుసు."

"తెలియడమేంటి నాన్నా?" అంది అశ్విని. "మరి మీరు..."

ఆయన కూతురి తలమీద చెయ్యి వేశాడు.

"ఈ రంగు గెలిచినవాడు పూశాడు. నేను ఓడిపోయాను తల్లీ."