వెనక మొహం

లచ్చయ్య ఎద్దును పులి కొట్టింది.

జోడెద్దుల అరకలో ఒకటి పోతే మిగిలేది అరే కదా. ఆ అర కోసం కూడా పులి మళ్లా వస్తదని లచ్చయ్య భయం.

అందుకే పట్టపగలే పగ తీర్చుకుందామని, చేనుకేసే గుళికల మందు రుమాలుల మూటగట్టుకొని వాగొడ్డుకు పోయిండు. ఎద్దును తిననీకి మళ్లొచ్చే పులికి గుళికే మందని ఆయన లెక్క.

ఎద్దు చెట్టు కింద పడి ఉంది. చెట్టు నిండ కాకులు. ఒక్కటీ కిందికి దిగదు. ఒక్కటీ అరవదు.

ఎద్దు అవతల ఒక మనిషి నిలబడి లచ్చయ్యనే చూస్తుండు. రెప్ప కొట్టడు.

"ఎవరే నువ్వు?"

"రాజయ్యను. జైనూర్ దిక్కు."

మాట వచ్చింది. పెదవి కదలలే.

లచ్చయ్య మెల్లగ దగ్గరికి పోయిండు. నాలుగడుగులేసి చూస్తే అది మొహం కాదు, తల వెనక కట్టుకున్న అట్ట మాస్కు. పులి వెనక నుంచి దుంకకుండ పత్తి కూలీలు కట్టుకునేది. అసలు మొహం పొదల దిక్కు ఉంది.

"ముందు మొహానికి మీసం, వెనక మొహానికి మోసమా? ఇటు తిరుగు!"

"తిరగనన్నా. గిట్లనే మాట్లాడు. జర గట్టిగ మాట్లాడు."

"అటవీ శాఖోనివా?"

"కాదు."

"మరి నా ఎద్దు కాడ నీకేం పని?"

"పశువు పడ్డదని ఇన్న. వచ్చిన."

లచ్చయ్య మూట విప్పుకుంట ఎద్దు పక్కన వంగబోయిండు.

"వంగకు!"

"నా ఎద్దు కాడ నేను వంగొద్దా?"

"నీకు దండం బెడత. నిలబడే ఉండు."

"సమజైంది! పశువులకు నేను కాపరి, పులికి నువ్వు కాపలా. నీకేం పోయింది? పోయింది నా ఎద్దు!"

రాజయ్య చేతికర్ర బిగించి పట్టుకున్నడు. గాలి లేదు గని, అవతల పొదల ఒక కొమ్మ కదిలి ఆగింది.

"అన్నా, రోడ్డు దాక నాతోని రారాదే. ఒక్కణ్ణే పోవాలంటే భయమైతుంది."

"గింత పిరికోనివి ఇంట్ల పండుకోకపోయినవ్?"

తిట్టుకుంటనే లచ్చయ్య కదిలిండు. వీణ్ణి సాగనంపి మళ్లా వచ్చి పని కానియ్యొచ్చు.

"నువ్వు ముందు నడు. ఉరకకు. నోరు మాత్రం ఆపకు."

"నా నోరు ఆపాలంటే మా ఇంటిదానితోనే కాలే!"

రాజయ్య వెనక్కి వెనక్కి అడుగులేసుకుంట వచ్చిండు. లచ్చయ్య ఎప్పుడు తిరిగి చూసినా, ఆ రంగు కండ్లు తన మీదనే.

పిచ్చోడు, అనుకున్నడు.

రోడ్డెక్కంగనే వచ్చిన ఆటోను ఆపి ఎక్కించిండు. "మళ్లా మా దిక్కు రాకు!"

రాజయ్య తల ఊపిండు. రెండు మొహాలూ ఊగినయ్.

లచ్చయ్య వెనక్కి మళ్లేలోపలే అటవీ శాఖ వాచర్ జమున నలుగురిని ఎంటేసుకొని, డప్పు కొట్టించుకుంట వచ్చింది. అందరూ కలిసి వాగొడ్డుకు పోయిండ్రు. ఆమె ఎద్దు ఫొటో తీసి, పొదల కాడికి పోయి ఆగిపోయింది.

అక్కడ గడ్డి మనిషి పొడవున అణిగి ఉంది. అణిగిన గడ్డి ఒక్కొక్క పోసా మెల్లగ లేస్తున్నది.

"కాకా, పులి ఇప్పటిదాక ఈడనే పండుకొని ఉన్నది. నువ్వు ఒక్కనివే వచ్చినవా?"

"ఒకడుండె బిడ్డా... రెండు మొహాలోడు. అటే చూసుకుంట నిలబడె."

"దాని కండ్లల్ల కండ్లు పెట్టి నిలబడ్డడు. నీకు చెప్తే ఉరుకుతుంటివి. ఉరికినా, వంగినా మీద పడుతుండె."

లచ్చయ్య చేతిల మూట జారిపోయింది. రోడ్డు దిక్కు చూసిండు. ఆటో లేపిన దుమ్ము కూడ లేదు.

"మంచినీళ్లన్న ఇయ్యలే నేను. ఎవరు బిడ్డా ఆయన?"

"ఏడ పశువు పడ్డా మాకంటె ముందుగాల వచ్చి నిలబడతడు కాకా," జమున గొంతు తగ్గించింది. "పోయిన చలికాలం పత్తి ఏరంగ ఈ పులే గుంజుకపోయిన ఐలవ్వకు పెనిమిటి."