కాగితాలు తీయని బ్యాగు

నరసరావుపేట బ్యాగుల షాపులో షాహిన్‌కు అడగకుండానే కుర్చీ వేశారు, ఫ్యాను తిప్పారు. ఆరో నెల కదా. పెళ్లయి ఎనిమిదేళ్లయినా కడుపు పండని తోటికోడలు ముబీనా మాత్రం నిలబడి తోలు బ్యాగులు చూసింది.

"ఆ పలకలాగ చదునుగా ఉన్నది తీసుకో అక్కా. రోజూ ఆఫీసుకి ఏసుకుపోతే వీపు మీద బాగుంటది," అంది షాహిన్.

ముబీనాకు ఒళ్లు మండింది. నిరుడు వచ్చిన కోడలు. తనకంటే ముందు తల్లవుతోంది, పైగా సలహాలు.

పలకబ్యాగును పక్కకు తోసి, మెత్తటి తోలుతో గుండ్రంగా ఉన్నదాన్ని తీసుకుంది. దాన్ని వీపుకు కాకుండా ముందుకు తగిలించుకుని, పైన బురఖా సర్దుకుంది. అద్దంలో పక్కకు తిరిగి చూసుకుంది. పట్టీలు ఇంకాస్త వదులు చేసింది.

"ఏందక్కా, లోపలేసుకుంటే బ్యాగు ఎవరికి కనపడుద్ది?"

"బస్సులో దొంగలు చానామంది."

షాపతను బ్యాగులో కుక్కిన కాగితాలు తీయబోయాడు. ముబీనా వద్దని, అట్లాగే తగిలించుకుని డబ్బులిచ్చింది.

శావల్యాపురం బస్సు కిక్కిరిసి ఉంది. ఎక్కగానే షాహిన్‌కు ఎవరో సీటిచ్చారు. ఆ పక్క సీట్లోని పెద్దావిడ ముబీనాను ఎగాదిగా చూసి, తనూ లేచింది.

"నువ్వూ కూర్చో తల్లీ. ఎన్నో నెల?"

ముబీనా ముందువైపు చెయ్యి అడ్డం పెట్టుకుంది. బురఖా లోపల కాగితాలు గరగరమన్నాయి.

షాహిన్ ఆ చప్పుడు విన్నది. కిటికీ వైపు జరిగి, అక్క చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఏడో నెల, పెద్దమ్మా," అంది. "నాకంటే ముందు."