ఆవిడ పక్కనే

"ఈవిడెవరో ఇవాళ తేలాలి!" అంటూ తొకికొ ఆ కాగితాన్ని పూజారి ముందు పడేసింది. ఆమె ఒళ్లో తెల్లగుడ్డ చుట్టిన భర్త గెంజొ అస్థికల కుండ ఉంది.

కాగితం మీద ఉన్నది చనిపోయినవాళ్లకి బుద్ధుడి గుడిలో పెట్టే పేరు, అదీ ఆడపేరు. గెంజొ చొక్కా లోపలి జేబులో దొరికింది. పెళ్లికి ముందు ఆయన పడవల మీద పనిచేసింది ఈ ఊళ్లోనే. ఏటా ఒకరోజు "పాత నేస్తాల్ని చూసొస్తా" అంటూ వచ్చింది కూడా ఇక్కడికే. ఆయన పోయి రేపటికి నలభై తొమ్మిదో రోజు, ఆయన్ని ఇంటివాళ్ల సమాధిలో పెట్టాలి. పక్క చోటు తొకికొది. ఈ సంగతి తేలందే ఎలా పెడుతుంది? ముద్ద దిగక, నిద్ర పట్టక, పొద్దున్నే ఆడపడుచు సుమిని వెంటేసుకుని మొదటి బస్సెక్కింది.

తిమింగలాల వేటకి పేరుమోసిన ఊరు కదా, తిమింగలం ఎముకలతో కట్టిన ద్వారం చూద్దామని సుమి దారంతా పోరింది. తొకికొ వింటేనా!

ముసలి పూజారి కళ్లజోడు సర్దుకుని పాత పుస్తకం తిరగేశాడు. తొకికొ లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది.

"ఆఁ, ఇదిగో. గెంజొయే దగ్గరుండి రాయించాడు. పాపం, కడుపుతో ఉండగా పోయింది."

"కడుపుతోనా!" తొకికొ పుస్తకం మీదికి వంగింది.

"నెలలు నిండాయి కూడా. ఆ రోజు ఒడ్డున కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడమ్మా. మళ్లీ పడవెక్కలేదు, ఊరే వదిలేశాడు. ఏటా ఆ రోజుకి వచ్చి దీపం పెట్టేవాడు."

"విన్నావటే, మీ అన్నయ్య నిర్వాకం? నేను జ్వరంతో మూలుగుతున్నా ఆగేవాడు కాదు!"

"అన్నయ్య అలాంటివాడు కాదొదినా..."

"నోర్ముయ్! నీకేం, నీ మొగుడు బంగారం."

ఏడుపు తన్నుకొచ్చింది తొకికొకి. కుండ తీసి పూజారి ముందు పెట్టేసింది.

"వదినా! అన్నయ్యని ఇక్కడ వదిలేస్తావా?"

"నలభయ్యేళ్లు నా ఇంట్లో తిని, మనసు ఇక్కడ పెట్టుకున్నాడుగా! ఇక్కడే ఉండనీ. అయ్యా, ఈయన్ని ఆవిడ పక్కనే పెట్టండి."

పూజారి నోరు వెళ్లబెట్టాడు. "ఆవిడేమిటమ్మా? మా ఊళ్లో వేటలో చంపిన ప్రతి తిమింగలానికీ గుడిలో పేరు పెడతాం. ఇది మీ ఆయన బల్లేనికి పడ్డది!"