పదికి పది

గ్రంథాలయాల వెబ్‌సైట్లను పాఠకురాలిలా వాడి చూసి మార్కులు వేయడం సత్యవేణి ఉద్యోగం. గ్రంథాలయ భవనాలు ఏనాడో పోయాయి, మిగిలినవి వెబ్‌సైట్లే. ఇవాళ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, మంచం పట్టిన మామగారు అడిగిన నవల కోసం వెతికింది. రెప్పపాటులో అట్టబొమ్మ వచ్చింది. ఎంత నొక్కినా లోపలి పేజీ మాత్రం రాలేదు.

ఒళ్ళు మండి, వెబ్‌సైటు అధికారికి ఫోన్ చేసింది. "పుస్తకం ఏదండీ?"

"అన్నీ తీసేశాం మేడమ్. పుస్తకం తెరుచుకోడానికి ఆలస్యమవుతోందని కిందటేడు మార్కులు కోసేసింది మీరే కదా! ఇప్పుడు చూడండి, ఎంత వేగమో!"

"దొరికిందా అమ్మాయ్?" అన్నారు మామగారు లోపల్నుంచి.

సత్యవేణి మార్కుల పత్రం తెరిచింది. అందులో మార్కులు వేయమన్నది వేగానికే. పళ్ళు నూరుతూ పదికి పది వేసింది.