పదకొండు వేల కూపన్లు

"ఇది ఎవరో పొరపాటున అచ్చేసుంటారు," అన్నాడు పాండెలిస్, స్టెర్యోస్ ఎడమ మోకాలికి నూనె రాస్తూ.

పొరపాటేమీ కాదు. థెస్సలొనీకి పేపరు ఆఖరి పేజీలో పెద్ద అక్షరాలతోనే ఉంది. ఆల్‌స్టార్ మ్యాచ్‌కి ఉత్తరాది జట్టులో జనం ఓట్లేసి ఎన్నుకున్న వాళ్లలో మొదటి పేరు స్టెర్యోస్‌దే. పదకొండు వేల పైచిలుకు ఓట్లు. పద్నాలుగేళ్లుగా బాస్కెట్‌బాల్ ఆడుతున్నాడు కానీ ఏనాడూ అతనికి మూడొందలు దాటలేదు.

"మీ అమ్మ కూడా నీకు వెయ్యలేదురా. కనుక్కున్నాను," అన్నాడు పాండెలిస్. ముప్ఫై ఏళ్లుగా ఆ క్లబ్బులో మాలీషు చేస్తున్న మనిషి. ఆటగాళ్ల కండరాలతో పాటు వాళ్ల పొగరునీ పిసికి వదిలిపెడతాడు.

అమెరికావాళ్లని చూసి యూరప్‌లో ఒక్కో దేశమూ తగిలించుకున్న జాతర ఇది. ఇటలీవాళ్లు స్వదేశీలు, పరదేశీలు అని పంచుకుని ఆడారు. ఇక్కడ ఉత్తరం, దక్షిణం. ఎవరూ ఎవర్నీ అడ్డుకోరు. బంతి బుట్టలో పడుతూ ఉంటుంది, జనం చప్పట్లు కొడుతూ ఉంటారు. ఎన్నికైనవాడు డాక్టరు చేత చీటీ రాయించుకుని పెళ్లాంతో కొండల మీదికి చెక్కెయ్యడం ఆనవాయితీ. పోయినేడు ఒకే శుక్రవారం నాడు ఆరుగురు మహావీరులకు విరేచనాలు పట్టుకున్నాయి.

స్టెర్యోస్ దగ్గరా చీటీ ఉంది. కాకపోతే అతనిది నిజం చీటీ. ఆ మోకాలికి వారం రోజులు విశ్రాంతి ఇస్తేనే ఆ తరవాతి ఆదివారం కప్పు ఫైనల్ ఆడగలవన్నాడు డాక్టరు. ఫైనల్ ఊళ్లోనే ఉన్న అవతలి జట్టుతో. స్టెర్యోస్‌కి ముప్ఫై నాలుగు. ఇదే ఆఖరి ఏడాది. కప్పు ముట్టుకోకుండా ఇంటికెళ్లాలంటే అతనికి ప్రాణం ఒప్పడం లేదు.

"వెళ్లనులే మావా," అన్నాడు. కానీ ఆ పదకొండు వేలమంది పుణ్యాత్ములెవరో తెలుసుకోకపోతే నిద్ర పట్టేట్టు లేదు. పేపరాఫీసుకి ఫోన్ చేస్తే గుమస్తా పకపకా నవ్వాడు. పేపర్లోంచి కత్తిరించి పంపే ఓటు కూపన్లన్నీ ఒకే చేతిరాతట. అన్నీ రేవు దగ్గరి బడ్డీకొట్టు పక్కనున్న పోస్టు డబ్బాలోనే పడ్డాయట. ఒక మనిషి ఎన్ని కూపన్లు పంపినా తప్పులేదని కూడా చెప్పాడు.

బడ్డీకొట్టులో సిగరెట్ పెట్టెల మధ్య నల్లబట్టల ముసలావిడ కూర్చునుంది. పేరు ఎవ్దోకియా. పక్కన నారింజ రంగు ఊలు ఉండ, అల్లిక సూదులు. ఒళ్లో అమ్ముడుపోని పేపర్లు. కూపన్లు కత్తిరించగా మిగిలిన వాటిని కట్టలు కడుతున్నదల్లా అతన్ని చూసి ఆగిపోయింది.

"వచ్చావా నాయనా. నీ మూలంగా వేళ్లు బొబ్బలెక్కాయి."

స్టెర్యోస్ బడ్డీకొట్టు కిటికీ మీదికి వంగాడు. ఏ జట్టు మనిషివి మామ్మా అని అడిగాడు. ఈ వయసులో నాకు జట్లేమిటి అందావిడ. అతనొక్కడి కోసమే కళ్లు చించుకుని ప్రతి ఆటా చూస్తుందట. ఏమిటి అల్లుతున్నావంటే, చలికాలం కదా, మెడకు ఏదో ఒకటి ఉండాలంది.

అతను మోకాలి సంగతి, డాక్టరు చెప్పిన సంగతి దాచకుండా చెప్పేశాడు. ఎవ్దోకియా బయటికొచ్చింది.

"ఏ కాలు నాయనా? ఎడమదేనా?"

మోకాలి చిప్ప మీద చెయ్యి పెట్టి చాలాసేపు తడిమింది. చచ్చిపోయిన వాళ్లమ్మమ్మ చెయ్యి కూడా అంత మెత్తగా ఉండేది కాదు. ఆల్‌స్టార్‌కి వెళ్లడం లేదనేసరికి ఆవిడ మొహం వాడిపోయింది.

"వెళ్లు నాయనా. అందరిలా షికారు చేసి రాకు, గట్టిగా ఆడు, పైకి ఎగురు. అది చూసి, ఆ తరవాతి ఆదివారం దాకా బతికుంటే చాలు నాకు."

నువ్వులద్దిన కులూరి రొట్టె చేతిలో పెట్టింది. డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

ముసలిదాని ముచ్చట కోసం కాలు తాకట్టు పెడతావా అని పాండెలిస్ చెడతిట్టాడు. స్టెర్యోస్ వినలేదు.

"నాకోసం వేళ్లు బొబ్బలెక్కించుకున్నవాళ్లు ఇంకెవరున్నారు మావా?" అన్నాడు.

ఆల్‌స్టార్ ఆటలో తొమ్మిదిమంది నవ్వుకుంటూ తిరుగుతుంటే, స్టెర్యోస్ ఒక్కడే యుద్ధం చేశాడు. బంతి కోసం నేలమీద దొర్లాడు. అడ్డంపడి దక్షిణాదివాళ్లతో తిట్లు తిన్నాడు. మూడో క్వార్టర్లో పరుగున వచ్చి, పైకి ఎగిరి, రెండు చేతులతో బంతిని బుట్టలో కుదేశాడు. హాలంతా లేచి నిలబడింది. అతను మాత్రం దిగీదిగగానే కూలబడిపోయాడు. మోకాల్లో టప్పుమన్న చప్పుడు అతనొక్కడికే వినిపించింది.

మర్నాడు ఆస్పత్రికి మిఠాయి పెట్టె వచ్చింది. లోపల చిన్న కాగితం. 'నా ఆశ నిలబెట్టావు నాయనా. చల్లగా ఉండు. నీ ఎవ్దోకియా.' స్టెర్యోస్ దాన్ని రెండుసార్లు చదివి కళ్లు తుడుచుకున్నాడు. ఫైనల్ పోతే పోయింది, ఒక ముసలి ప్రాణమైనా సంతోషించింది అనుకున్నాడు. ఫైనల్‌కి తన భార్య పక్క సీటు టిక్కెట్టు ఆవిడకి పంపించాడు.

ఆదివారం నాడు చంకకర్రలతో వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. అతను లేని జట్టు మొదటి సగంలోనే పద్దెనిమిది పాయింట్లు వెనకబడింది. భార్య పక్క సీటు ఖాళీగానే ఉంది. పాపం, పెద్దావిడకి చలి పడలేదేమోనని దిగులుపడ్డాడు.

"నీ పెద్దావిడ వచ్చిందిలే. అటు చూడు," అన్నాడు పాండెలిస్, అవతలి జట్టు స్టాండు చూపిస్తూ.

స్టాండు నిండా నారింజ రంగు జెండాలే. ముందు వరసలో ఎవరో పెద్ద డప్పు దద్దరిల్లేలా కొడుతుంటే వెనక వేలమంది పాట అందుకుంటున్నారు. స్టెర్యోస్ కళ్లు చిట్లించి చూశాడు.

కొత్త నారింజ రంగు మఫ్లరు చుట్టుకుని ఆ డప్పు వాయిస్తున్నది ఎవ్దోకియా మామ్మే.