రెండు పర్సుల చిట్కా

జానకీదేవి గారి కాసులపేరు కాజేయాలని దామోదర్ నిశ్చయించుకున్నది ఆవిడ గుత్తివంకాయ కూర మారు వడ్డిస్తున్నప్పుడే. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. దామోదర్ వాసాల జోలికి పోలేదు, నేరుగా ఆవిడ మెడకేసి చూశాడు. చదువు కట్టిపెట్టి, వీపున సంచీ తగిలించుకుని, దక్షిణ అమెరికా అంతా ఏడాదిపాటు తిరగాలని అతని కోరిక. ఆ కోరికకి ఆ కాసులపేరు చాలు.

అది ఎనభై నాలుగో సంవత్సరం. అంతకుముందు వేసవిలో అతను పెరూ చుట్టి వచ్చాడు. అప్పట్నుంచి అమెరికాలో, అరిజోనా ఎడారిలోని చాండ్లర్ తెలుగు ఇళ్లలో శనివారం భోజనాలకి అతనే పెళ్లికొడుకు. ఎమ్మెస్ ఎంతవరకు వచ్చిందని అడిగే నాథుడు లేడు, అంత చవగ్గా దేశమంతా ఎలా తిరిగావనే అందరి ప్రశ్న. రాత్రి బస్సెక్కి నిద్రపోతే హోటల్ ఖర్చు మిగులుతుందని, కొండ ఊళ్లలో ఊపిరి ఆడకపోతే కోకా ఆకుల టీ తాగాలని, మాంసం ముట్టనివాళ్లు బంగాళాదుంపల మీద బతికేయొచ్చని, అయినా అటుకుల పొట్లం మరిచిపోవద్దని చెప్పేవాడు.

కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఇంజనీరైన వాసుదేవరావు గారు ఇవన్నీ విని విని ఆగలేకపోయారు. బొజ్జ మీద బెల్టు బిగించి మరీ బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని చూసుకున్నారు. భార్య జానకీదేవి గారినీ, కాలేజీ చదువుతున్న కూతురు రేణునీ పెరూకి బయల్దేరదీశారు. ఆయన్ని ఎగదోసింది దామోదరే.

అక్కడ జేబుదొంగలు ఎక్కువటగా అని జానకీదేవి గారు బెంగపడ్డారు.

"రెండు పర్సులు పెట్టుకోండి ఆంటీ," అన్నాడు దామోదర్. "చిల్లర వేసింది పైకి కనిపించేలా, అసలుది బట్టల లోపల. దొంగకి ఏదో ఒకటి దొరకాలి. దొరికితే ఇంక వెతకడు."

ఆవిడ బుద్ధిగా తలూపారు. నగలు మాత్రం వెంట తీసుకెళ్లొద్దని అతను మరీ మరీ చెప్పాడు. ఎక్కడ దాస్తారని అడగలేదు. ఇల్లు కదిలేటప్పుడు బంగారం బియ్యం డబ్బాలోకి వెళ్తుందని వాళ్లమ్మ దగ్గర చిన్నప్పుడే చూశాడు.

వాళ్లు విమానం ఎక్కారు. దామోదర్ ఎవరో ఇంటిముందు పాత సామాన్లు అమ్ముతున్న గరాజ్ సేల్‌లో తన కాలికి మరీ పెద్దవైన పని బూట్లు కొన్నాడు. ఎవడో ఆరడుగుల ఆసామీ కోసం పోలీసులు ఊరంతా గాలించాలని అతని పథకం. పట్టపగలే వెళ్లి, స్ప్రింక్లర్ నీళ్లకి నానిన పూలమడిలో కావాలనే దబదబా అడుగులేసుకుంటూ పెరటి తలుపు చేరాడు. చేతులకి తొడుగులు వేసుకుని, తలుపు అద్దం పగలగొట్టి గడియ తీశాడు. బూట్లు గుమ్మం దగ్గర విడిచి, గాజుముక్కలు తప్పించుకుంటూ వంటింట్లోకి నడిచాడు. తెల్లటి నేల, కడిగిన పళ్లెంలా మెరుస్తోంది.

బియ్యంలో మోచేతి దాకా చెయ్యి పెట్టేసరికి గుడ్డమూట తగిలింది. కాసులపేరే కాదు, వడ్డాణం కూడా ఉంది. దామోదర్ గుండె ఆనందంతో గంతులేసింది. దొంగతనంలా కనిపించాలని నాలుగు సొరుగులు లాగి పడేసి, బూట్లు తొడుక్కుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు. గొడవ చల్లబడ్డాక అమ్మొచ్చని మూటని తన వీపుసంచీలో దాచాడు.

పెరూ నుంచి తిరిగొచ్చిన మర్నాడు జానకీదేవి గారు ఫోన్ చేసి రమ్మన్నారు. దామోదర్ అద్దం ముందు నాలుగు రకాల విచారం అభ్యాసం చేసుకుని వెళ్లాడు. ఆవిడ మాత్రం నవ్వుతూ కాఫీ ఇచ్చారు.

"పెద్దగా ఏం పోలేదు బాబూ. నీ రెండు పర్సుల చిట్కా ఇంటిక్కూడా వాడాను. అసలు నగలు బ్యాంకు లాకర్‌లో పెట్టి, మా రేణు కూచిపూడికి పెట్టుకునే రోల్డ్‌గోల్డ్ సెట్ బియ్యంలో దాచాను."

చాండ్లర్‌లో తేళ్లకి కొదవలేదు గానీ, దొంగకి తేలు కుట్టడమంటే ఏమిటో దామోదర్‌కి అప్పుడు తెలిసింది. కాఫీ చేదుగా దిగింది. ఏడాది ప్రయాణం పోతే పోయింది, పరువూ వీసా మిగిలితే చాలనుకుని, పోలీసులు ఏమన్నారని మెల్లగా అడిగాడు. బూటు గుర్తులు చూసి ఎవరో భారీ మనిషి అన్నారట. అతనికి ప్రాణం లేచొచ్చింది. ఇక వెళ్తానని లేచి, గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కోసాగాడు.

జానకీదేవి గారు అతని పాదాల వంకే చూస్తున్నారు.

"వాళ్లకి ఒకటే అర్థం కాలేదు బాబూ. మట్టి అడుగులన్నీ గుమ్మం దాకే ఉన్నాయి, లోపల ఒక్క మరక లేదు. బూట్లు బయట విడిచి వచ్చే దొంగని ఈ దేశంలో ఎప్పుడూ చూడలేదన్నారు."

దామోదర్ వేళ్లు లేసు మీదే ఆగిపోయాయి.

"నేనేం చెప్పలేదులే," అన్నారావిడ. "శనివారం భోజనానికి వచ్చేటప్పుడు ఆ మూట పట్టుకురా, ఆదివారం రేణు డాన్స్ ప్రోగ్రాం ఉంది."